యూనివర్సిటీ గేటు ఎక్కడండీ?

పోయిన నెల ఈ శీర్షికలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి గురించి చెబుతూ "కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేశారు" అని ఒక్క ముక్క రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరికి పిల్లల్ని పంపాలని ఉంది, కొందరికి చరిత్ర కావాలి, ఒకాయనకైతే నా మీద కోపం కూడా వచ్చింది, "ఇంగ్లీషు వాళ్ళ యూనివర్సిటీ మనకెందుకు" అని. ఆయన ప్రశ్నకి కూడా మధ్యలో ఎక్కడో జవాబు దొరుకుతుంది. ఈ నెలకి పెన్షన్ల ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం కేంబ్రిడ్జే.

ప్రశ్న: నేను పనిచేసింది ఆంధ్రా యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలో. కేంబ్రిడ్జ్‌లో కూడా అంతేనా? ట్రినిటీ అంటారు, కింగ్స్ అంటారు, మళ్ళీ అంతా కేంబ్రిడ్జ్ అంటారు. ఏది ఏమిటో చెప్పగలరా?
— రిటైర్డ్ లెక్చరర్, తెనాలి

ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు మాస్టారూ. మా మేనకోడలు అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నేనూ మా ఆవిడా చూసొద్దామని వెళ్ళాం. స్టేషన్లో దిగి టాక్సీ ఎక్కి "యూనివర్సిటీ మెయిన్ గేటు దగ్గర దింపు బాబూ" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను చూసి "ఏ కాలేజీ సార్?" అన్నాడు. కాలేజీ కాదయ్యా, యూనివర్సిటీ అన్నాను. అతను ఓపిగ్గా మళ్ళీ అదే అడిగాడు. మనకి యూనివర్సిటీ అంటే ఒక ఆర్చి ఉండాలి, దాని మీద పెద్దక్షరాలుండాలి, లోపలికి రోడ్డు, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు, ఎక్కడో లోపల వీసీగారి బంగళా. అక్కడ ఆర్చీ లేదు, ప్రహరీ లేదు, ఊళ్ళో కలిసిపోయి ఉంది. ఒక బట్టల షాపు, ఎదురుగా ఆరొందల ఏళ్ళ నాటి కాలేజీ, ఆ కాలేజీ వెనక సందులో 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టిన పాత ల్యాబు, సందు చివర కాఫీ తాగే చోటు.

అసలు సంగతి ఏమిటంటే అక్కడ 31 కాలేజీలున్నాయి. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టుకుని పెరడూ నుయ్యీ మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నట్టు, ఎవరి ఆస్తి వాళ్ళది, ఎవరి వంటిల్లు వాళ్ళది, లైబ్రరీ వేరు, ప్రార్థన చేసుకునే చాపెల్ వేరు, చివరికి గోడల మీద కులచిహ్నం లాంటి ఆ డాలు బొమ్మ కూడా వేరు. డిగ్రీలో విద్యార్థిని ఎంచుకుని చేర్చుకునేది కాలేజీ. గది ఇచ్చేదీ, అన్నం పెట్టేదీ, కుర్రాడు వారం రోజులు కనిపించకపోతే ఏమయ్యాడని తలుపు తట్టేదీ కాలేజీయే. లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, పట్టా మాత్రం యూనివర్సిటీవి. మన అనుబంధ కాలేజీల్లో పాఠం మొత్తం కాలేజీలోనే అయిపోతుంది, యూనివర్సిటీ పరీక్ష కాగితం మీదే కనిపిస్తుంది. అక్కడ అలా కాదు, హిస్టరీ తీసుకున్న పిల్ల ఏ కాలేజీలో ఉన్నా అందరితో పాటు అదే లెక్చర్ హాల్లో కూర్చుంటుంది, సాయంత్రానికి ఎవరి గూటికి వాళ్ళు.

కాలేజీ చేసే ఇంకో పని ఉంది, నన్నడిగితే కేంబ్రిడ్జ్ గొప్పదనం భవనాల్లో లేదు, అందులోనే ఉంది. దాన్ని సూపర్‌విజన్ అంటారు, ఆక్స్‌ఫర్డ్‌లో అయితే ట్యుటోరియల్. వారానికి ఒకటో రెండో సార్లు ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఒక్కోసారి ఒక్కరే, తాము రాసిన వ్యాసమో చేసిన లెక్కలో పట్టుకుని టీచరు గదికి వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. ఆయన చదివి "ఇక్కడ ఇలా ఎందుకన్నావు?" అని అడుగుతాడు, అంతే. మా మేనకోడలు కూడా డిగ్రీ పిల్లలకి సూపర్‌విజన్లు చెప్పేది. "మన క్లాసులో అరవై మంది ఉంటే వెనక బెంచీ ఒకటి ఉంటుంది మామయ్యా, ఇద్దరే ఉన్న గదిలో వెనక బెంచీ ఎక్కణ్ణించి వస్తుంది?" అంది. నేను నా డిగ్రీ మూడేళ్ళూ ఆ వెనక బెంచీ మీదే గడిపినవాణ్ణి కాబట్టి ఇంకేం మాట్లాడలేదు.

ప్రశ్న: ఎనిమిది వందల ఏళ్ళ క్రితం దీన్ని ఏ రాజు కట్టించాడు సార్?
— ఇంటర్ విద్యార్థి, నల్గొండ

ఏ రాజూ కట్టించలేదు నాన్నా. హత్య కేసులో పారిపోయి వచ్చినవాళ్ళు పెట్టుకున్నదది.

1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విద్యార్థి చేతిలో ఆ ఊరి ఆడమనిషి ఒకామె చనిపోయింది. వాడు పారిపోయాడు. ఊరివాళ్ళు వాడితో పాటు అద్దెకుంటున్న కుర్రాళ్ళని పట్టుకుని, రాజు జాన్ సరే అన్నాక ఉరి తీసేశారు. చంపింది ఒకడు, ఉరికంబం ఎక్కింది ఇంకొకళ్ళు. ఆ రోజుల్లో చదువుకునేవాళ్ళంతా చర్చి మనుషుల కింద లెక్క, వాళ్ళని మామూలు కోర్టు శిక్షించకూడదు. అప్పుడు పోప్‌కీ జాన్‌కీ పడకపోవడంతో రాజు దాన్ని లక్ష్యపెట్టలేదు. దాంతో గురువులూ శిష్యులూ మూటా ముల్లే సర్దుకుని ఊరొదిలేశారు. కొందరు పారిస్ పోయారు, కొందరు రెడింగ్ పోయారు, కొందరు చిత్తడి నేలల అంచున నది ఒడ్డున ఉన్న కేంబ్రిడ్జ్ అనే సంత ఊరికి చేరారు. 1214లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు దిగొచ్చి, ఏటా 52 షిల్లింగులు కడతాం, వందమంది పేద విద్యార్థులకి భోజనం పెడతాం అని రాజీపడ్డాక చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళదే కేంబ్రిడ్జ్. 1231లో మూడో హెన్రీ రాజు వీళ్ళకి రక్షణ ఇచ్చాడు. మొదటి కాలేజీ పీటర్‌హౌస్ వచ్చేసరికి 1284, దాన్ని పెట్టింది ఈలీ బిషప్ హ్యూ డి బాల్షమ్. అంటే డెబ్బై అయిదేళ్ళు కాలేజీ అనేదే లేకుండా అద్దె ఇళ్ళల్లో, చర్చిల్లో చదువు నడిచింది. అన్నిటికంటే కొత్తది రాబిన్సన్ కాలేజీ, టీవీలు అద్దెకిచ్చే వ్యాపారంలో సంపాదించిన డేవిడ్ రాబిన్సన్ డబ్బుతో 1977లో వచ్చింది.

ఊరికీ చదువుకీ పడకపోవడం మాత్రం కేంబ్రిడ్జ్‌లోనూ పోలేదు. అద్దెల దగ్గర గొడవ, సారాయి ధర దగ్గర గొడవ. 1381లో ఇంగ్లండంతా రైతులు తిరగబడినప్పుడు కేంబ్రిడ్జ్ జనం కార్పస్ క్రిస్టీ కాలేజీ మీద పడ్డారు, యూనివర్సిటీ పెట్టెలు పగలగొట్టి, హక్కు పత్రాలన్నీ బజారు మధ్యలో కుప్పపోసి తగలబెట్టారు. మార్జరీ స్టార్ అనే ముసలామె ఆ బూడిద గుప్పిళ్ళతో ఎత్తి గాలిలోకి చల్లుతూ "పోనీ ఈ పంతుళ్ళ చదువు, పోనీ" అని అరిచిందట. ఆమె చదువునే ద్వేషించిందని నేననుకోను, ఆ కాగితాల మీద ఆమె అద్దె, ఆమె రొట్టె ధర రాసి ఉన్నాయి, కోపం వాటి మీద. ఇందులో ఇంకో తమాషా ఉంది. కార్పస్ క్రిస్టీని 1352లో పెట్టింది రాజులు కాదు, బిషప్పులు కాదు, ఆ ఊరి సంఘాలవాళ్ళే. తమ ఊరివాళ్ళు కట్టిన కాలేజీని ముప్పై ఏళ్ళు తిరక్కుండా వీళ్ళే దోచుకున్నారు! గొడవ అణిగాక రాజు ఊరివాళ్ళని శిక్షిస్తూ రొట్టె, బీరు ధరలూ తూకాలూ తనిఖీ చేసే అధికారం యూనివర్సిటీ చేతిలో పెట్టాడు. ప్రొఫెసర్లు బజారుకొచ్చి కాటాలు చూడటం ఊహించుకో.

ప్రశ్న: అక్కడ ఆడవాళ్ళకి డిగ్రీ ఇచ్చేవారు కాదని మా అమ్మాయి అంటోంది. అంత పేరున్న చోట కూడానా?
— గృహిణి, కాకినాడ

మీ అమ్మాయి తగ్గించి చెప్పిందమ్మా.

ఆడపిల్లల కోసం గిర్టన్ కాలేజీ 1869లో మొదలైంది, అదీ కేంబ్రిడ్జ్‌లో కాదు, హిచిన్ అని దూరంగా ఇంకో ఊళ్ళో. తర్వాత నాలుగేళ్ళకి కేంబ్రిడ్జ్ శివారుకి తెచ్చినా, మగపిల్లలకి దూరంగా ఉండాలని ఊరికి రెండు మైళ్ళ అవతలే కట్టారు. 1871లో న్యూనమ్ వచ్చింది. పరీక్షలు రాయనిచ్చారు, మార్కులు వేశారు, పట్టా మాత్రం ఇవ్వలేదు. 1890లో గణితం పరీక్షలో న్యూనమ్ అమ్మాయి ఫిలిప్పా ఫాసెట్‌కి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. మగవాళ్ళ ర్యాంకుల జాబితాలో ఆమె పేరు చేర్చకూడదు కదా, అందుకని ఫలితాలు చదివినాయన "మొదటి ర్యాంకుకి పైన" అని చదివాడు. మొదటి ర్యాంకుకి పైన ఉన్నదాన్ని ఏమంటారో నాకు తెలీదు కానీ డిగ్రీ మాత్రం ఆమెకి రాలేదు.

1897లో ఆడవాళ్ళకి పట్టా ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. పాత విద్యార్థులు లండన్ నుంచి రైళ్ళెక్కి మరీ ఓటేయడానికొచ్చారు. వద్దన్నవాళ్ళు 1,713, ఇద్దామన్నవాళ్ళు 662. పట్టాలిచ్చే భవనం సెనేట్ హౌస్ ఎదుట ఒక షాపు మీద సైకిలు తొక్కుతున్న ఆడమనిషి బొమ్మని వేలాడదీసి, ఫలితం వచ్చాక దాన్ని చీల్చి పోగులు పెట్టారు కుర్రాళ్ళు. 1921లో మళ్ళీ కాదన్నారు, ఆ సంబరంలో న్యూనమ్ కంచు గేటుని తోపుడు బండితో కుమ్మారు. చివరికి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. మనకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు! ఆక్స్‌ఫర్డ్ 1920లోనే ఇచ్చింది. వాళ్ళ పాలనలో ఉన్న మన కలకత్తా యూనివర్సిటీ అయితే 1883లోనే కాదంబినీ బసు, చంద్రముఖీ బసులకి బి.ఎ. పట్టాలిచ్చేసింది. తన ఊళ్ళో ఇవ్వని పట్టా తన పాలనలో ఉన్న ఊళ్ళో ఎలా ఇచ్చిందని ఆ కాలంలో ఎవరైనా అడిగారో లేదో.

ఇంతకంటే మండించే సంగతి ఇంకోటుంది. రాత్రిపూట వీధిలో విద్యార్థితో కనిపించిన ఊరి ఆడపిల్లని యూనివర్సిటీ మనుషులే పట్టుకుని, పోలీసుతో కోర్టుతో పనిలేకుండా, స్పిన్నింగ్ హౌస్ అనే తమ సొంత జైల్లో పెట్టే హక్కు వాళ్ళకుండేది. 1891లో డైసీ హాప్కిన్స్ అనే పదిహేడేళ్ళ పిల్లని "యూనివర్సిటీ విద్యార్థితో నడుస్తోంది" అన్న నేరం మీద లోపలేశారు. అలాంటి నేరం ఏ చట్టంలో ఉందని లండన్ కోర్టు విడిపించింది, పెద్ద రచ్చ అయింది, 1894లో ఆ హక్కు రద్దయింది. పక్కన నడిచిన విద్యార్థికి? స్పిన్నింగ్ హౌస్ మగవాళ్ళ కోసం కట్టింది కాదు.

మగవాళ్ళ కాలేజీల్లో చివరిదాకా తలుపులు తియ్యనిది మాగ్డలీన్ (రాసేది అలా, పలికేది మాడ్లిన్). 1988లో ఆడపిల్లల్ని చేర్చుకున్న రోజున కొందరు కుర్రాళ్ళు చేతులకి నల్ల పట్టీలు కట్టుకున్నారు.

ప్రశ్న: మా తాతగారు లెక్కల్లో బాగా మార్కులొచ్చినవాణ్ణి "ర్యాంగ్లర్‌వా?" అనేవారు. అదేమిటి?
— బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

అదీ కేంబ్రిడ్జ్ మాటే. అక్కడ డిగ్రీ పరీక్షని ట్రైపోస్ అంటారు. గణితం ట్రైపోస్‌లో ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళు ర్యాంగ్లర్లు, అందరికంటే పైనున్నవాడు సీనియర్ ర్యాంగ్లర్. ఒకప్పుడు సీనియర్ ర్యాంగ్లర్ ఫొటోలు అంగళ్ళలో అమ్మేవారు. 1899లో మహారాష్ట్ర నుంచి వెళ్ళిన రఘునాథ్ పరాంజపే ఇంకొకరితో కలిసి మొదటి స్థానంలో నిలిచారు, ఆ ఘనత వచ్చిన తొలి భారతీయుడు ఆయన, అప్పట్నుంచే మన పెద్దవాళ్ళ నోళ్ళలో ఈ మాట నానింది. చివరి ర్యాంకువాడికీ లోటు చెయ్యలేదు, పట్టా తీసుకునే వేళకి తోటివాళ్ళు గ్యాలరీ మీంచి తాళ్ళతో ఓ పెద్ద చెక్క గరిటె కిందికి దించేవారు. 1909తో ర్యాంకులు చదవడం ఆపేశారు, గరిటె కూడా అప్పుడే పోయింది.

ప్రశ్న: నెహ్రూ చదివారు, మన్మోహన్ చదివారు అంటారు సరే. మన తెలుగువాళ్ళకి ఆ చోటుతో ఏం సంబంధం? లేకపోతే ఈ గోలంతా మనకెందుకు?
— పాఠకుడు, కరీంనగర్

మీదే ఆ కోపం ఉత్తరం. చెబుతాను, కొంచెం దూరం నుంచి రావాలి.

1913లో కలకత్తా కుర్రాడొకడు లండన్ యూనివర్సిటీలో చేరదామని ఓడెక్కి వెళ్ళాడు. చేరే ముందు ఒకరోజు కేంబ్రిడ్జ్ చూసొద్దామని వెళ్ళి, కింగ్స్ కాలేజీ చాపెల్ చూస్తూ ఉండిపోయాడు. ఆ చాపెల్ చూసినవాళ్ళకి ఇదేం విడ్డూరంగా అనిపించదు. 1446లో ఆరో హెన్రీ మొదలుపెట్టించాడు, మధ్యలో అంతర్యుద్ధాలు, రాజులు మారారు, రాతిపని పూర్తయ్యేసరికి 1515. లోపలికి అడుగుపెట్టి తల ఎత్తితే కప్పంతా రాతితో చేసిన విసనకర్రలు విప్పినట్టుంటుంది, అంత బరువు రాయి అంత పైన ఎలా నిలిచిందా అని మెడ నొప్పెట్టేదాకా చూశాన్నేను. ఆ కుర్రాడూ అలాగే చూశాడు, చివరి రైలు తప్పిపోయింది. ఆ రాత్రి స్నేహితుడి గదిలో పడుకున్నాడు. స్నేహితుడు ఇక్కడే చేరరాదూ అన్నాడు. మర్నాడు వెళ్ళి అడిగితే కింగ్స్‌వాళ్ళు చేర్చుకున్నారు. ఆ కుర్రాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఫిజిక్స్ చదివాడు. ఇంటికి బయల్దేరబోతుంటే కింగ్స్‌లో టీచరొకాయన ఒక స్టాటిస్టిక్స్ పత్రిక చూపించాడు, దాని సంపుటాలు కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చాడు, ఆ పిచ్చి ముదిరి 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది.

ఇప్పుడు ఇటు రండి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా తండ్రి ఉద్యోగం ఎటుపోతే అటు బళ్ళు మారుతూ చదివి ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఎ. చేసిన కుర్రాడు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళాడు. మిలటరీ సర్వేలో గణితం ఉద్యోగానికి ఇంటర్వ్యూ, అది రాలేదు. దిగిన హోటల్లో ఎవరో పరిచయమై స్టాటిస్టిక్స్ సంస్థ గురించి చెబితే చూడ్డానికి వెళ్ళి, 1941లో అందులో చేరిపోయాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు, మన సి.ఆర్. రావు. పాతికేళ్ళ వయసులో, 1945లో, ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాడూ ఇవాళ్టికీ నేర్చుకునే క్రామర్–రావు సూత్రం (లెక్కగట్టిన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పేది) రాశాడు. మరుసటి సంవత్సరం మహలనోబిస్ ఆయన్ని కేంబ్రిడ్జ్ పంపాడు. అక్కడి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన ప్రాచీన మానవుల ఎముకలున్నాయి, వాటి కొలతల్ని మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించే మనిషి కావాలన్నారు. పగలు మ్యూజియంలో ఎముకలు, మరోపక్క స్టాటిస్టిక్స్‌లో మహా పండితుడు ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధన, 1948లో పీహెచ్‌డీ. ఏ కాలేజీ నుంచంటారా, కింగ్స్! ఒక కుర్రాడు ఆ చాపెల్ కప్పు చూస్తూ రైలు తప్పిపోకుండా ఉంటే ఈ కథ ఎటు పోయేదో. రావుగారు 2023లో నూటరెండేళ్ళు నిండి మూడోది రావడానికి కొద్దిరోజుల ముందు కాలం చేశారు.

ఇంకోటి కూడా వినండి. ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీ విద్యార్థి, అక్కడి వాదోపవాదాల సంఘం కేంబ్రిడ్జ్ యూనియన్‌కి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడు. 1926లో వీసీ అయ్యారు, 1930లో బ్రిటిష్ ప్రభుత్వం చేసే దమనకాండకి నిరసనగా రాజీనామా చేశారు. తర్వాత 1931లో ఆ కుర్చీలోకి వచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలూ నీతిశాస్త్రాల ప్రొఫెసర్‌గా వెళ్ళారు. ఆయన ఇంగ్లండులో ఏ యూనివర్సిటీలోనూ చదువుకోలేదు, నేరుగా పాఠం చెప్పడానికే వెళ్ళారు. ఖాళీ అయిన కుర్చీలోకి మళ్ళీ రెడ్డిగారు వచ్చారు, 1949 దాకా ఉన్నారు. సంబంధం లేదంటారా ఇప్పుడు?

ప్రశ్న: మా అమ్మాయికి మాస్టర్స్‌కి సీటొచ్చింది. శాకాహారి. చలి అంటే భయం. అక్కడి కాలేజీలో రోజు ఎలా గడుస్తుందో చెబితే నాకు కొంచెం టెన్షన్ తగ్గుతుంది.
— ఒక తల్లి, రాజమండ్రి

ముందు శుభాకాంక్షలమ్మా. తిండికి భయం లేదు, ఇప్పుడు ప్రతి కాలేజీ హాల్లోనూ శాకాహారం ఉంటుంది. భయపడాల్సింది రామానుజన్ కాలంలో. 1914లో మద్రాసు నుంచి ట్రినిటీకి వెళ్ళిన ఆయన హాల్లో తినలేక గదిలోనే వండుకునేవారు. యుద్ధం రోజులు, కూరగాయలు సరిగ్గా దొరికేవి కావు. చలికి రాత్రుళ్ళు నిద్రపట్టడం లేదని ఆయన చెబితే, చూడ్డానికొచ్చిన స్నేహితుడు పడగ్గదిలోకి వెళ్ళి చూశాడు. పక్క మీద దుప్పట్లు బిగించి దోపి ఉన్నాయి. వాటి లోపలికి దూరి పడుకోవాలని ఎవరూ చెప్పలేదు, రామానుజన్ ఆ దుప్పట్ల మీద ఓవర్‌కోటు, శాలువా కప్పుకుని పడుకుంటున్నారు! పక్క ఎలా విప్పాలో చేసి చూపించిన ఆ స్నేహితుడు, పైన రైలు తప్పిపోయిన మహలనోబిసే. మీ అమ్మాయికి ఈ ఒక్క సంగతి చెప్పి పంపండి, సగం చలి పోతుంది.

కాలేజీలో అడుగుపెట్టగానే పోర్టర్ల గది ఉంటుంది. పోర్టరంటే మన రైల్వే స్టేషన్ పోర్టరు కాదు. నల్ల కోటు, టై, తాళాలు ఆయన దగ్గర, పార్సిళ్ళు ఆయన దగ్గర, అర్ధరాత్రి జ్వరమొస్తే ఫోన్ చేసేదీ ఆయనకే. గోడకి చెక్క అరలు, అరకో విద్యార్థి పేరు, ఉత్తరాలు అందులో పడతాయి. మా మేనకోడలి ఇంటిపేరు మొదటిరోజు తప్పు పలికిన పోర్టరు, రెండో వారానికల్లా సరిగ్గా నేర్చుకుని పలికాడట. మన దగ్గర ఆఫీసు గుమాస్తాలకి ఆమె పేరు పలకడం మూడేళ్ళకీ రాలేదు.

వారంలో కొన్ని రాత్రులు ఫార్మల్ హాల్ అని పద్ధతైన భోజనం. నల్ల గౌన్లు వేసుకుని పొడుగాటి బల్లల దగ్గర కూర్చుంటారు, పైన వేదిక లాంటి చోట ఫెలోలు, అంటే కాలేజీని నడిపించే పండితులు, వరసగా కూర్చుంటారు. గంట కొడితే అందరూ లేచి నిలబడాలి, లాటిన్‌లో ప్రార్థన చదువుతారు, కొవ్వొత్తి వెలుగులో తింటారు. మేనకోడలి అతిథిగా నేనూ ఒకసారి తిన్నాను. పుట్టగొడుగుల కూరేదో పెట్టారు, ఉప్పు లేదు, ఆవకాయ ఉంటే బాగుండుననిపించింది. గౌను చేతులు పులుసులో మునగకుండా తినడం నాకు చాతకాలేదు.

ఫెలోల గురించి ఒకమాట. 1880ల దాకా చాలా కాలేజీల్లో ఫెలో పెళ్ళి చేసుకుంటే ఫెలోషిప్పు వదులుకోవాల్సిందే, సన్యాసుల మఠం వాసన అంతకాలం పోలేదన్నమాట. ఇప్పుడు మిగిలిన ప్రత్యేక హక్కు గడ్డి మీద నడవడం. నవ్వకండి, చాలా కాలేజీల్లో మధ్యనున్న పచ్చిక మీద ఫెలోలే నడవాలి. ఒకచోట, కాలేజీ పేరెందుకులెండి, దగ్గరి దారి కదా అని ఒక మూల తొక్కాను. ఎక్కణ్ణించొచ్చాడో పోర్టరు వచ్చి చాలా మర్యాదగా, "సార్, తమరు మా ఫెలోగా ఎన్నికైనట్టు నాకింకా సమాచారం రాలేదు" అన్నాడు. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతోంది.

టర్ములు మూడు, ఒక్కోటి ఎనిమిది వారాలే. తక్కువనిపిస్తుంది కానీ ఆ ఎనిమిది వారాలూ ఊపిరాడదు. డిగ్రీ పిల్లలైతే ఊరి మధ్యనున్న గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి నుంచి మూడు మైళ్ళ లోపలే ఉండాలని రూలు, మాస్టర్స్‌వాళ్ళకి పది మైళ్ళు. ఒక సైకిలు కొనుక్కోమనండి, దానికో గట్టి తాళం కొనమనండి, తాళం సంగతి మర్చిపోవద్దనండి. పరీక్షలయ్యాక సంబరాల వారాన్ని మే వీక్ అంటారు, అది వచ్చేది జూన్‌లో. ఎందుకని అడిగితే ఎప్పట్నుంచో అంతే అంటారు.

ప్రశ్న: మా ఊళ్ళో కేంబ్రిడ్జ్ స్కూలు ఉంది. దానికీ ఆ యూనివర్సిటీకీ సంబంధం ఉన్నట్టేనా?
— పాఠకుడు, ఖమ్మం జిల్లా

పేరు పెట్టుకున్నంత మాత్రాన ఏ సంబంధమూ ఉండదు. వీధికో వేంకటేశ్వరా కిరాణా ఉంటే అన్నీ తిరుమలవి కావు కదా. అయితే ఆ యూనివర్సిటీలో ఒక విభాగం స్కూళ్ళకి ఐజీసీఎస్‌ఈ లాంటి పరీక్షలు పెడుతుంది, దానికి రిజిస్టరైన బళ్ళు మన దగ్గరా ఉన్నాయి. ఫీజు కట్టే ముందు రిజిస్ట్రేషన్ చూపించమనండి. పాఠాలెవరు చెబుతారో అది కూడా అడగండి, అది ఇంకా ముఖ్యం.

ప్రశ్న: ఇంటర్ తర్వాత నేరుగా డిగ్రీకి అప్లై చెయ్యొచ్చా? ఆక్స్‌ఫర్డ్‌కి, కేంబ్రిడ్జ్‌కి రెండిటికీ పెడితే ఒకటైనా రాకపోదు కదా?
— విద్యార్థిని, తిరుపతి

రెండిటికీ పెట్టనివ్వరు తల్లీ, డిగ్రీ కోర్సులకి ఒక ఏడాదిలో ఏదో ఒకటే. అక్టోబరు 15 ఆఖరు తేదీ, అంటే సెకండియర్ నడుస్తుండగానే. కాలేజీ ఎంచుకోవచ్చు, ఏదైనా ఫరవాలేదని వదిలేయనూ వచ్చు. చాలా కోర్సులకి రాతపరీక్ష ఉంటుంది, డిసెంబరులో ఇంటర్వ్యూలు. ఆ ఇంటర్వ్యూ గురించి ఒక్కటే చెబుతాను. జవాబు తెలుసా లేదా అని చూడరు, తెలియని లెక్క ఇచ్చి నువ్వు గట్టిగా పైకి మాట్లాడుకుంటూ ఎలా ఆలోచిస్తావో చూస్తారు. బిట్లు బట్టీపట్టి ఎంసెట్‌కి (ఇప్పుడు ఈఏపీసెట్) తయారైన మన పిల్లలు తడబడేది అక్కడే. ఇవాళ్టి నుంచే లెక్క చేస్తున్నప్పుడు ఎందుకలా చేశావో మీ చెల్లికి వివరిస్తూ చెయ్యి. మాస్టర్స్, పీహెచ్‌డీలకి దారి వేరు, నేరుగా యూనివర్సిటీకే పెట్టుకోవాలి, గేట్స్ కేంబ్రిడ్జ్ లాంటి స్కాలర్‌షిప్పులు వాళ్ళకే.

ప్రశ్న: అంత పెద్ద చదువులు చదివేవాళ్ళు అల్లరి కూడా చేస్తారా?
— తొమ్మిదో తరగతి, శ్రీకాకుళం

చెయ్యకపోవడమా! 1958 జూన్‌లో ఒక పొద్దున ఊరివాళ్ళు లేచి చూసేసరికి పట్టాలిచ్చే సెనేట్ హౌస్ కప్పు మీద ఒక కారు నిలబడి ఉంది. ఆస్టిన్ సెవెన్, చిన్న కారే అనుకో, కానీ కారే. పక్కనే ఉన్న కీస్ కాలేజీ (రాసేది కైయస్ అని) ఇంజనీరింగ్ కుర్రాళ్ళు రాత్రికి రాత్రి తాళ్ళూ దూలాలూ పెట్టి పైకి లాగేశారు. కిందికి దించడం మాత్రం పెద్దవాళ్ళ వల్ల కాలేదు. క్రేన్లు తెచ్చారు, కుదరలేదు, రోజుల తరబడి తంటాలు పడి చివరికి ముక్కలు కోసి దించారు. ఎవరు చేశారో కాలేజీకి తెలియదనే అన్నారు అందరూ. కీస్ కాలేజీ డీన్ కూడా నాకేం తెలీదనే అన్నాడు. అలా అంటూనే ఆ కుర్రాళ్ళు ఉండే మెట్ల దగ్గరికి ఒక షాంపేన్ సీసా పంపించాడట.